ముప్పై ఏడో పన్ను

నోరు మూయకు బావా! ఎన్నిసార్లు చెప్పాలి? నువ్వు బస్సు తోలుతుంటే వెనకాల నుంచి ఎవడైనా స్టీరింగ్ మీద చెయ్యేస్తే ఊరుకుంటావా? ఇది నా బస్సు. తెరువు. ఇంకొంచెం. ఆఁ, అలాగే ఉంచు.

అబ్బబ్బ, ఎంత వాచింది! వారం రోజులు ఈ బుగ్గేసుకుని డ్యూటీకి వెళ్ళావా? పన్ను పీకించుకున్నాక కూడా నొప్పి తగ్గలేదంటే మర్నాడే రావాలని తెలీదూ?

అక్క చెప్పిందిలే ఫోన్లో. "వాడికి చెప్పకు, ఏదో గట్టిది కొరికుంటాను, తప్పు నాదే అయ్యుంటుంది" అన్నావట.

తప్పు నీదేనట! నీలాంటి మనిషిని ఏం చెయ్యాలో నాకు తెలీదు.

సరే. సూది. చీమ కుట్టినట్టుంటుంది, అంతే. అదీ... అయిపోయింది. ఇంకొకటి, వెనకవైపు. అయ్యో, అంత మీసం పెట్టుకుని కళ్ళనీళ్ళేమిటయ్యా! చీము పట్టిన చోట మందు ఓ పట్టాన ఎక్కదు. పావుగంట ఆగాలి. ఈలోపు మాట్లాడకు, నాలుక మొద్దుబారుతుంది, కొరుక్కుంటావు. తలా ఊపకు. అవునంటే ఒకసారి రెప్ప కొట్టు, కాదంటే రెండుసార్లు.

నేను మాట్లాడతాను. ఎవరితోనైనా మాట్లాడి ఎన్నాళ్ళైందో. ఇక్కడికొచ్చేవాళ్ళందరూ నోరు తెరిచేవాళ్ళే, మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు.

అటేం చూస్తున్నావు? రెండో కుర్చీ ఏదనా? పోయినసారి కూడా అటే చూశావు, అడగలేదు. రిపేరుకి పంపానని అక్కతో చెప్పాను కదా. రిపేరూ లేదు, పాడూ లేదు. అమ్మేశాను. నేలమీద ఆ నాలుగు బోల్టు కన్నాలే మిగిలాయి. తుడిచినప్పుడల్లా వాటిలో నీళ్ళు నిలుస్తాయి.

నర్సమ్మ కూడా సెలవులో లేదు. రెండు నెలలు జీతం ఇవ్వకపోతే మూడో నెల ఎవరుంటారు చెప్పు? అందుకే ఉమ్ము లాగే ఈ గొట్టం ఒక చేత్తో, అద్దం ఒక చేత్తో పట్టుకుని ఒంటరి సర్కస్ చేస్తున్నాను.

ఎందుకంటే... ఆ గోడమీది స్క్రీన్ చూడు. మెడ తిప్పకు, కళ్ళు తిప్పితే చాలు. ఎడమ సగంలో ఉన్నది నీ ఎక్స్‌రే. కుడి సగంలో గీతలున్నాయే, అదీ సంగతి. "గుండె పరీక్షా అది?" అని అడిగావు పోయిన గురువారం. నవ్వి ఊరుకున్నాను. గుండెదే బావా. నాది.

అది డాలరుకీ జపాన్ యెన్‌కీ మధ్య రేటు. ఎగుడుదిగుడుగా పరుగెడుతోందే, అదన్నమాట. దానిమీద సాఫీగా రెండు గీతలు, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. మూవింగ్ యావరేజ్ అంటారు. పేరుకే గొప్ప. గడిచిన ఇరవై రోజుల రేట్లకి సగటు తీస్తే నీలం చుక్క. యాభై రోజులకి తీస్తే ఎరుపు చుక్క. రోజుకో చుక్క పెట్టి కలిపితే గీత. నీలం ఎరుపుని దాటి పైకెళ్ళిందా, డాలర్లు కొను. దాటి కిందకొచ్చిందా, అమ్ము. ఇంతే విద్య. ఆరో తరగతి పిల్లకి కూడా వస్తుంది.

టూత్‌పేస్టు శాంపిళ్ళు ఇచ్చిపోయే ఆయన నేర్పాడు నాకు. ముందుపన్ను విరగ్గొట్టుకుని వచ్చి, ఈ కుర్చీలోనే కూర్చుని, ఫోన్ తీసి చూపించాడు. "డాక్టరుగారూ, మీకు గీతలు చదవడం అలవాటే కదా, ఎక్స్‌రే లాంటిదే" అన్నాడు. పన్ను అతికించినందుకు ఫీజు కూడా తీసుకోలేదు నేను. గురుదక్షిణ!

మొదటి నాలుగు నెలలూ చూడాలి నన్ను. డాలరు ఎక్కుతూనే ఉంది, గీత పైకి పోతూనే ఉంది. నేను నిద్రపోతున్నా సంపాదిస్తున్నాను, నీ పన్ను తోముతున్నా సంపాదిస్తున్నాను. అక్కకి మోటారు కుట్టుమిషన్ కొనిచ్చింది అప్పుడే. "మా తమ్ముడు బుర్రున్నవాడు" అని వీధంతా చెప్పుకొచ్చింది పాపం. ఎక్కే ఎద్దు మీద ఎవడు కూర్చున్నా ఎక్కుతాడు బావా! వాపు చూసి బలుపనుకున్నాను. ఆ సామెతకి అర్థం ఇవాళ నీకు చెప్పక్కర్లేదులే, నీ బుగ్గే చెబుతోంది.

నవ్వకు, సూది పోటు లాగుతుంది.

తర్వాత ఏమైందంటే, రేటు ఎటూ పోకుండా ఒక్కచోటే పొర్లడం మొదలెట్టింది. నీలం పైకి దాటుతుంది. కొంటాను. కొన్న మర్నాడే పడుతుంది. నీలం కిందకి దాటుతుంది. అమ్ముతాను. అమ్మగానే లేస్తుంది. ప్రతిసారీ కొంచెం. ఎలుక కొరికినట్టు కొంచెం. ఎలుక ఒక్కరోజులో బట్ట మొత్తం తినదు కదా, చూసి చూసి ఒకనాడు విప్పితే అన్నీ కన్నాలే.

ఎందుకలా అంటే, ఆ గీత పుట్టుకే అంత. అది గడిచినదాని సగటు. జరిగిపోయాక చెబుతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. నీ పంటి నొప్పీ అంతే. పుచ్చు నరం దాకా పోయాకే నొప్పి లేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా జనానికి ఈ మాటే చెబుతున్నాను నేను, "నొప్పి కోసం ఆగకండీ, నొప్పి వచ్చేసరికే ఆలస్యమవుతుందీ" అని. చెప్పేవాడికి చెవులుండవు కాబోలు.

నీ చెల్లెలు ఒకసారి, అన్నం గిన్నె అక్కడ పెట్టి, స్క్రీన్ వైపు ఓ నిమిషం చూసింది. "ఇందులో ఉన్నదంతా నిన్నటిదే కదండీ, రేపటిది ఎక్కడుంది?" అంది. ఒక్క నిమిషం చూసింది బావా! నేను రెండేళ్ళు చూశాను. "నీకు తెలీదు, నువ్వెళ్ళు" అన్నాను. వెళ్ళింది. ఆ తర్వాత మళ్ళీ ఏదీ అడగలేదు. తిట్టినా బావుండేది. అడగడం మానేసిన పెళ్ళాంతో ఒకే ఇంట్లో ఉండి చూడు, తెలుస్తుంది.

అంకెలు మార్చాను. ఇరవై, యాభై బదులు తొమ్మిది, ఇరవై ఒకటి. అదీ కాదని పదమూడు, ముప్పై నాలుగు. సాఫ్ట్‌వేర్లో ఒక బటన్ ఉంటుంది, నొక్కితే ఈ అంకెలతో పోయిన రెండేళ్ళూ ఆడుంటే ఎంత వచ్చేదో చూపిస్తుంది. ఓహ్, ఎంత వచ్చేదనుకున్నావు! రాజ్యాలు వచ్చేవి. పోయినవాడి పళ్ళ కొలత తీసి బతికున్నవాడికి కట్టుడు పళ్ళు చేసినట్టు ఉంటుంది ఆ పని. అచ్చు బ్రహ్మాండం. నోట్లో పట్టదు.

ఏదీ, ఇక్కడ నొక్కితే తెలుస్తోందా? ఒక్క రెప్ప. అంటే తెలుస్తోంది. ఇంకా ఆగాలి.

బయట బెంచీ మీద కూర్చున్నది ఎవరు, మీ డిపో మనిషేనా? నాలుగో నంబరు రూటాయనా? చూశావా, ఇంత బుగ్గేసుకుని కూడా ఇంకొకణ్ణి వెంటబెట్టుకొచ్చావు. "మా బావమరిది హస్తవాసి మంచిది" అని చెప్పి తెచ్చుంటావు. ఒక్క రెప్ప. తెలుసులే.

హస్తవాసి! వినడానికి ఎంత బావుంటుందో ఆ మాట. మందు వేరు, చదువు వేరు, చెయ్యి వేరు. ఫలానా డాక్టరు చెయ్యి పడితే తగ్గుతుందీ అని జనం నమ్మడం. కుర్చీ పోయింది, నర్సమ్మ పోయింది, బోర్డులో లైటు పోయింది, ఇంట్లో మాట పోయింది. ఆ ఒక్క మాట మాత్రం పోలేదు నాకు. ఇవాళ్టికీ రోజుకి ఇద్దరో ముగ్గురో వస్తున్నారంటే దానికోసమే. అది కూడా పోతే నేనింక డాక్టర్ని కాదు, తెల్లకోటు తొడుక్కున్న జూదగాణ్ణి.

రోజుకో చుక్క చాలక గంటకో చుక్క పెట్టాను. అదీ చాలక అయిదు నిమిషాలకో చుక్క. అయిదు నిమిషాల గీతలంటే ఏంటో తెలుసా? రోజంతా దాటుతూనే ఉంటాయి. ఒక చెయ్యి నోట్లో, ఒక కన్ను గోడమీద. పేషెంటు నోరు తెరుచుకుని పైకప్పు చూస్తుంటాడు, డాక్టరు ఎటు చూస్తున్నాడో అతనికేం తెలుసు?

ఇప్పుడు? రెండుసార్లు కొట్టావు. మొద్దుబారింది. మంచిది. ఇదిగో ఈ రబ్బరు ముక్క పళ్ళమధ్య పెడుతున్నాను, నోరు మూతపడకుండా.

ఇవాళ నీకు కొత్త ఎక్స్‌రే తియ్యలేదు. గమనించావా? ఇంత వాపుతో వస్తే ఏ డాక్టరైనా ముందు ఎక్స్‌రే తీస్తాడు. నేను తియ్యలేదు. అక్కర్లేదు నాకు.

గట్టిగా పట్టుకో కుర్చీ. నొప్పి ఉండదు, ఒత్తిడి తెలుస్తుంది. కొంచెం... ఇటు... ఊపిరి బిగబట్టకు... కదులుతోంది... వస్తోంది వస్తోంది... అదీ! అయిపోయింది, అయిపోయింది. చీము చూడు ఎలా కారుతోందో. పోనీ, పోనీ అంతా.

దూది పెట్టాను. కొరికి పట్టుకో. గట్టిగా. అరగంట నోరు తెరవకూడదు. రక్తం గడ్డకట్టాలి.

ఇదిగో పన్ను. చూడు. ఇక్కడ కన్నం, ఇక్కడినుంచి వేరు దాకా చీలిక, ఈ నల్లదంతా పుచ్చు. ఇదీ నిన్ను ఏడిపించింది. ఇదే. మొదట్నుంచీ ఇదే.

ఏమిటలా చూస్తున్నావు? అవును. మరి పోయిన గురువారం పీకిందేమిటి అంటావు.

కొరికి పట్టుకో! నోరు తెరవకు అన్నాను. విను. నువ్వు మాట్లాడలేనప్పుడే చెప్పాలని ఇందాకట్నుంచీ చూస్తున్నాను. నువ్వు మాట్లాడగలిగితే "పోనీలేరా" అంటావు. ఆ మాట అనకుండా వినాలి నువ్వు.

మా లెక్కలో పళ్ళకి నంబర్లుంటాయి. కింద ఎడమవైపువి ముప్పైలలో. ముందుపన్ను ముప్పై ఒకటి, చివర జ్ఞానదంతం ముప్పై ఎనిమిది. నీకు పుచ్చింది ముప్పై ఏడు. దాని ముందుది ముప్పై ఆరు, బంగారం లాంటి పన్ను. చీటీ మీద నా చేత్తోనే రాశాను, ముప్పై ఏడు పీకాలని. ఇదిగో చీటీ.

ఆ రోజు నీకు సూది వేసి ఆగాను కదా. రేటు నూట యాభై ఒకటి పాయింట్ ముప్పైలో ఉంది. ముప్పై ఆరు తాకితే నీలం ఎరుపుని దాటేస్తుంది. ముప్పై రెండు. ముప్పై నాలుగు. మళ్ళీ ముప్పై మూడు. నా బుర్రలో ఒకటే జపం, ముప్పై ఆరు, ముప్పై ఆరు, ముప్పై ఆరు. పటకారు తీసుకున్నాను. నీ వైపు తిరిగాను. చెయ్యి ముప్పై ఆరు దగ్గరకే పోయింది.

దవడంతా మొద్దుబారింది, నీకేం తెలుస్తుంది? కదపడానికి అవస్థ పడ్డాను. పుచ్చిన పన్ను ఇంత గట్టిగా ఉందేమిటి అనుకున్నాను కూడా. అనుకుని కూడా ఆగలేదు. చేతికొచ్చాక చూశాను. తెల్లటి వేర్లు రెండు, ఎక్కడా మచ్చ లేదు. పైన చిన్న వెండి ఫిల్లింగ్.

ఆ ఫిల్లింగ్ నాది బావా.

గుర్తుందా? ఆఖరి సంవత్సరం పరీక్షకి మా పేషెంటుని మేమే తెచ్చుకోవాలి. నేను మాట్లాడుకున్న ముసలాయన పొద్దున్నే రానన్నాడు. నేను ఏడుస్తూ ఫోన్ చేస్తే నువ్వు డ్యూటీ దిగి, ఖాకీ బట్టలతోనే వచ్చి కూర్చున్నావు. ఎక్కడో ఆవగింజంత మచ్చ వెతికి దానికి ఫిల్లింగ్ చేశాను. డ్రిల్లు పంటిమీద పెట్టి తీసి, పెట్టి తీసి చేస్తుంటే నువ్వే నా మణికట్టు పట్టుకుని, "మెల్లగా కానీ, నేనెక్కడికీ పోను" అన్నావు. నేను పూడ్చిన మొదటి పన్ను అది. ఇరవై రెండేళ్ళైనా చెక్కుచెదరలేదు. దాన్ని నేనే పీకాను.

"చూపించు, మీ అక్కకి చూపిస్తాను" అన్నావు. ముక్కలైపోయిందన్నాను. అబద్ధం. ముప్పై ఏడు కూడా అప్పుడే పీకెయ్యొచ్చు. కానీ ఒకటన్నావు రెండెందుకు పీకావని అడుగుతావు కదా! అందుకని పంపించేశాను. నొప్పి తిరగబెడుతుందని తెలిసే పంపించాను. వారం రోజులు ఫోన్ మోగినప్పుడల్లా నీ పేరేమోనని చూసేవాణ్ణి. నువ్వు చెయ్యలేదు. "తప్పు నాదే అయ్యుంటుంది" అని నొప్పి ఓర్చుకుని డ్యూటీకి పోయావు.

ఇవాళ కూడా దాటెయ్యొచ్చు. "పక్కదానికి పాకింది బావా, దురదృష్టం" అంటే నమ్మేవాడివి. ఆ మాట ప్రాక్టీసు కూడా చేశాను, అద్దం ముందు. కానీ నీ తప్పంటూ నువ్వు మోసుకుని తిరుగుతుంటే... ఛ!

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. నేనే ఆ పుచ్చు బుర్రని.

ఆగు, లేవకు. ఇంకొకటుంది. అసలుది ఇదే.

తప్పు పన్ను పీకానని తెలిశాక ఏం చేశానో చెప్పనా? నీ నోట్లో రక్తం కారుతోంది. నువ్వు కళ్ళు మూసుకుని, నన్ను నమ్మి పడుకునున్నావు. నేను తల తిప్పి స్క్రీన్ చూశాను. ముప్పై ఆరు తాకింది. నీలం దాటింది. ముందు గ్లవ్ విప్పి, కొనే బటన్ నొక్కాను. ఆ తర్వాతే నీ గాయం మీద దూది పెట్టాను.

అర నిమిషం అయ్యుంటుంది. ఎక్కువ కాదు. కానీ ఆ అర నిమిషంలో తెలిసిపోయింది నాకు, నేనేమైపోయానో.

అదీ అబద్ధపు దాటుడే. పది నిమిషాల్లో మళ్ళీ కిందకి వచ్చేసింది.

మానేస్తానని ఒట్టు పెట్టమంటావేమో. పెట్టను. ఎన్ని పెట్టానో లెక్కలేదు, నీ చెల్లెలి తల మీద కూడా పెట్టాను. ఇప్పుడు నీ పన్ను పీకుతూ కూడా క్రీగంట ఒకసారి అటు చూశాను. నువ్వు చూశావు నేను చూడటం. అవునా? ఒక్క రెప్ప.

సరే. బయట ఆయన్ని నీతోనే తీసుకెళ్ళిపో. పళ్ళు క్లీనింగే అయితే ఎవరైనా చేస్తారు. ఏం చెబుతావో, డిపోలో ఎంతమందికి చెబుతావో, అక్కకి ఎలా చెబుతావో, అది నీ ఇష్టం. చెప్పొద్దని అడగను. అడిగే మొహం లేదు.

మందులు ఈ చీటీలో రాశాను. పూటకొకటి, అయిదు రోజులు. వేడివి తాగకు. ఎడమవైపు నమలకు, నమలడానికి అటువైపు నేనేం మిగల్చలేదులే. ఇరవై నాలుగు గంటలు ఉమ్మకూడదు, గడ్డ ఊడిపోయి మళ్ళీ రక్తం వస్తుంది. ఎంత అనిపించినా సరే, మింగెయ్.

నా మొహం మీద ఉమ్మాలంటే రేపు ఇదే టైముకి రా బావా. ఇక్కడే ఉంటాను.